నల్లబడ్డ బిళ్ళ

పర్లాకిమిడి, ఆదివారం పొద్దున్న

పిల్లలూ,

బడిలో అంతా ఒడియానే కదా, ఈ ఉత్తరాన్ని మాత్రం అమ్మ చేత చదివించుకోకుండా మీరే కూడబలుక్కుని చదవండి. మొన్న ఫోన్‌లో అడిగారుగా, ఏ పదార్థం ఎలా ఉంటుందో కంప్యూటరే లెక్క కట్టేస్తుంటే ల్యాబులో కొలిమి ముందు చెమటలు కక్కడం ఎందుకు తాతయ్యా అని.

ఛత్రపురం ఒడ్డున నల్ల ఇసుక చూశారు కదా, అందులో ఉండే ఇల్మనైట్ అంటే ఇనుమూ టైటానియమూ కలిసిన ఆక్సైడ్. దాన్నించి వేరుచేసిన టైటానియం ఆక్సైడ్ పొడికి స్ట్రాన్షియం కార్బొనేట్ కలిపి, కల్వంలో చెయ్యి పడిపోయేదాకా నూరి, బిళ్ళ నొక్కి బాగా కాలిస్తే స్ట్రాన్షియం టైటనేట్ వస్తుంది. తెల్లగా ఉంటుంది, కరెంటు పారదు. లెక్కా అదే చెప్పింది.

ఒకసారి మా కుర్రాడొకడు దాన్ని హైడ్రోజన్ కలిపిన గ్యాసులో కాల్చాడు. బొగ్గులా బయటికొచ్చింది. "మాడిపోయింది సార్" అని పారేయబోతుంటే ఆపి మీటర్ పెట్టాం, కరెంటు పారుతోంది! హైడ్రోజన్ కొంత ఆక్సిజన్‌ని లాక్కుపోయింది, పోయిన ప్రతి పరమాణువూ రెండు ఎలక్ట్రాన్లని అక్కడే వదిలేసింది. నమ్మకం కుదరక బిళ్ళని విరిచి ఒక ముక్కని మళ్ళీ గాలిలో కాల్చాం, తెల్లబడింది, కరెంటూ ఆగింది. లెక్క తప్పు కాదు, అందులో పరమాణువులన్నీ బుద్ధిగా తమ చోట కూర్చున్నాయి, అంతే. లెక్కలోనూ ఒక ఆక్సిజన్ పీకేసి మళ్ళీ కట్టిస్తే దారికొచ్చింది. ఈ లెక్కలకి పునాది వేసిన వాల్టర్ కోన్‌కి 1998లో నోబెల్ ఇచ్చారు, ఆయన ఫిజిక్స్ మనిషి, బహుమతి మాత్రం కెమిస్ట్రీలో! అయినా మామూలుగా వాడితే ఇదే పదార్థానికి గ్యాప్, అంటే కరెంటు పారాలంటే ఎలక్ట్రాన్ దాటాల్సిన శక్తి మెట్టు, 3.2 ఎలక్ట్రాన్ వోల్టులు ఉండాల్సిన చోట లెక్క 2 దగ్గరే ఆగిపోతుంది.

మాకు కావాల్సింది వేడి నుంచి కరెంటు. ఒక వైపు వేడి, ఇంకో వైపు చల్లన ఉంటే వోల్టేజీ పుడుతుంది, 1821లో సీబెక్ అనే శాస్త్రవేత్త చూశాడు, అయస్కాంతం అనుకున్నాడు పాపం. కానీ పదార్థంలో కరెంటు పారాలి, వేడి పారకూడదు. సాంబారులో స్టీలు గరిటె వదిలేస్తే చెయ్యి కాలుతుంది, చెక్క తెడ్డు కాలదు కానీ దాంట్లో కరెంటు పారదు. మా నల్ల బిళ్ళదీ గరిటె బుద్ధే, వేడిని తెగ పంపించేస్తుంది. దాన్ని అడ్డుకోవడానికి ఏ పరమాణువు కలపాలో ఒక్కోటీ కాల్చి చూస్తే ఏళ్ళు పడుతుంది, అక్కడ కంప్యూటర్ పది పేర్లని రెండుకి తగ్గిస్తుంది. ఆ రెండూ నూరాల్సింది మళ్ళీ మనమే.

ఒక్కోసారి కొలతే ముందు నడుస్తుంది. 1997లో జపాన్‌లో తెరాసాకి వాళ్ళు సోడియం కోబాల్ట్ ఆక్సైడ్‌లో ఒక్కో డిగ్రీ వేడి తేడాకి సుమారు 100 మైక్రోవోల్టులు చూశారు, లోహంలా కరెంటు పారే ఆక్సైడ్‌కి అది చాలా ఎక్కువ. ఎందుకో చెప్పే లెక్కలు ఆ తర్వాత వచ్చాయి.

రెండో ముక్క ఇంకా నల్లగానే నా బీరువాలో ఉంది. సెలవులకి రండి, మీటర్ మీరే పెడుదురు గాని.

మీ తాతయ్య