లవం, హారం, గడియారం

2024లో ప్రపంచంలో తయారైన కరెంటులో సూర్యుడి వాటా 6.9 శాతం. 2015లో అది 1 శాతం దగ్గరే ఉండేది. యూనిట్లలో చెప్పుకుంటే ఇప్పుడు ఏడాదికి 2 లక్షల కోట్లు దాటింది. ఈ అంకె విని కొందరు "అబ్బో, అంతా!" అంటారు, ఇంకొందరు "ఇంతేనా?" అంటారు. రెండు మాటల్లోనూ తప్పు లేదు. వాటా అంటే భిన్నమే కదా. పైనున్న లవాన్ని చూస్తే ఒకలా, కిందున్న హారాన్ని చూస్తే ఇంకోలా కనిపిస్తుంది.

ముందు లవం, అంటే సౌర కరెంటు సంగతి. 2004లో ఒక గిగావాట్ (వంద కోట్ల వాట్లు) సౌర ప్యానెళ్లు బిగించడానికి ప్రపంచమంతటికీ కలిపి ఏడాది పట్టింది. 2010 వచ్చేసరికి అదే పని నెలలో అయిపోయింది, 2016లో వారంలో. 2023 నాటికి రోజుకో గిగావాట్. మొదటి వెయ్యి గిగావాట్లు 2022లో పూర్తయ్యాయి, రెండో వెయ్యికి ఇంకో రెండేళ్లు చాలాయి. అంతర్జాతీయ ఇంధన సంస్థ ఏళ్ల తరబడి వేసిన అంచనాలను పక్కపక్కన పెట్టి చూస్తే భలే తమాషాగా ఉంటుంది. ప్రతిసారీ ఇక ఈ దూకుడు తగ్గుతుందన్నట్టు వాళ్ల గీత అడ్డంగా సాగుతుంది, ప్రతిసారీ అసలు లెక్క దాన్ని దాటి పైకి పోతుంది.

ఎండ ఏమీ మారలేదు. భూమికి ఒక గంటలో అందే సూర్యరశ్మిలోని శక్తి మనుషులు ఏడాదంతా వాడే శక్తికి దాదాపు సమానం. మన తాతల కాలంలోనూ అంతే అందింది. మారింది ఆ ఎండను పట్టే పలక.

ఆ పలకలోంచి ఒక్క సెల్‌ను తీసి చేతిలో పెడితే పట్టుకోవడానికే భయం వేస్తుంది, ఎక్కడ విరుగుతుందోనని. జానెడు కన్నా కాస్త చిన్నది, మందం మాత్రం మిల్లీమీటరులో ఆరో వంతు. మనకు కనిపించే ఆ ముదురు నీలం సిలికాన్‌ది కాదు, పడిన వెలుతురు వెనక్కి తిరిగిపోకుండా పైన వేసిన పలచని పూతది. దాని మీద వెంట్రుక కన్నా సన్నని వెండి గీతలు వరుసగా ఉంటాయి. లోపల సిలికాన్‌కి ఒకవైపు పిసరంత ఫాస్ఫరస్, రెండోవైపు పిసరంత బోరాన్ కలిపి ఉంటారు. ఆ రెండు పొరలు కలిసే చోట ఒక విద్యుత్ క్షేత్రం దానంతటదే ఏర్పడుతుంది. కాంతి కణం తగిలి పరమాణువు నుంచి ఎలక్ట్రాన్ ఊడి వస్తే, ఆ క్షేత్రం దాన్ని ఒక పక్కకే తోస్తుంది. వెండి గీతలు దాన్ని అందుకుని బయటికి పంపుతాయి. అంతే, కరెంటు. కదిలే భాగం ఒక్కటీ లేదు. ఒక్కో సెల్ ఇచ్చేది సుమారు 0.6 వోల్టులు, అందుకే పదుల కొద్దీ సెల్స్‌ను వరుసగా కలిపి ప్యానెల్ చేస్తారు. (ఎండ ముదిరితే కరెంటు పెరుగుతుందనుకుంటాం. వెలుతురు వరకే ఆ మాట నిజం, వేడి దానికి పడదు. సెల్ ఒక్క డిగ్రీ వేడెక్కితే 0.3 నుంచి 0.4 శాతం దాకా రాబడి తగ్గుతుంది.)

ఇదేమీ కొత్త విద్య కాదు. కాంతి పడితే కరెంటు పుడుతుందని 1839లోనే ఎడ్మండ్ బెకరెల్ అనే పందొమ్మిదేళ్ల ఫ్రెంచి కుర్రాడు గమనించాడు. 1954లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ అనే పరిశోధనశాలలో చేసిన సిలికాన్ సెల్ తన మీద పడిన ఎండలో 6 శాతాన్ని కరెంటుగా మార్చింది. ఇవాళ బజారులో దొరికే మంచి ప్యానెల్ 22 శాతం దాకా మారుస్తుంది. ఇలాంటి సెల్ ఎంత బాగా చేసినా దాదాపు 30 శాతం దాటలేదని 1961లోనే లెక్కగట్టారు. కొంత కాంతికి ఎలక్ట్రాన్‌ని ఊడగొట్టే బలం ఉండదు, కొంత కాంతికి అక్కర్లేనంత బలం ఉండి మిగిలినది వేడిగా పోతుంది.

అంటే ఎండను కరెంటుగా మార్చే సామర్థ్యం 70 ఏళ్లలో నాలుగు రెట్లు కూడా పెరగలేదు. ధర చూడండి. 1970ల నడుమ ఒక వాట్ ప్యానెల్‌కి, ఇప్పటి లెక్కలో, సుమారు 100 డాలర్లు అయ్యేది. ఇప్పుడు 10 సెంట్ల చుట్టూ ఉంది. వెయ్యో వంతు! ఈ ఘనతలో ఎక్కువ భాగం భౌతికశాస్త్రానిది కాదు, ఫ్యాక్టరీది. ఒక్క రంపం సంగతే తీసుకోండి. సిలికాన్‌ని 1414 డిగ్రీల దగ్గర కరిగించి, దిమ్మెగా గడ్డకట్టించి, పలకలుగా కోస్తారు. ఒకప్పుడు పలకలుగా మిగిలేది ఎంతో, పొట్టుగా రాలిపోయేదీ ఇంచుమించు అంతే. ఇప్పుడు వజ్రపు రవ్వలు అంటించిన సన్నని తీగతో కోస్తున్నారు, పొట్టు తగ్గింది, పలకా పలచబడింది. వెండి వాడకం తగ్గింది. ఇలాంటి చిన్న చిన్న పొదుపులు వేలకొద్దీ కలిశాయి. మొత్తం ఉత్పత్తి రెట్టింపైన ప్రతిసారీ ధర సుమారు 20 శాతం పడుతూ వచ్చింది. బొగ్గుకి ఈ సుఖం లేదు, తవ్వేకొద్దీ గని లోతవుతుంది.

మొదట్లో అంత ధర పెట్టి కొన్నది ఎక్కువగా అంతరిక్షం వాళ్లే. 1958లో పైకి వెళ్లిన వాన్‌గార్డ్-1 ఉపగ్రహంలో మామూలు బ్యాటరీ కొద్ది కాలానికే అయిపోయింది, సౌర సెల్స్ మాత్రం 1964 దాకా పనిచేశాయి. తర్వాత 2000లో జర్మనీ, సౌర కరెంటుని మంచి ధరకు కొంటామని చట్టం చేసి గిరాకీ పుట్టించింది. ఆ గిరాకీని చైనా ఫ్యాక్టరీలు అందుకున్నాయి. ఇప్పుడు ప్యానెల్ తయారీలో ప్రతి దశలోనూ 80 శాతానికి పైగా చైనాదే. ఇంత ముఖ్యమైన వస్తువు ఒక్క దేశం చేతిలో ఉండటం నాకైతే కాస్త టెన్షన్ పెట్టే విషయమే.

ఇక హారం. 6.9 శాతం అన్నది కరెంటులో వాటా. మనం వాడే మొత్తం శక్తిలో కరెంటు ఐదో వంతు మాత్రమే. మిగతాది బండ్లలో, కొలిముల్లో, పొయ్యిల్లో నేరుగా మండేదే. అలా చూస్తే సూర్యుడి వాటా చాలా చిన్నదైపోతుంది. పైగా హారం ఊరుకోదు. 2024లో ప్రపంచ విద్యుత్ వాడకం 4 శాతం పెరిగింది. అందువల్ల సౌర విద్యుత్తు అంత పెరిగినా బొగ్గు, గ్యాస్ కరెంటు తగ్గకపోగా కాస్త పెరిగింది.

కానీ ఈ హారంలో ఒక మెలిక ఉంది. బొగ్గు కేంద్రంలో మూడు యూనిట్ల వేడి మండిస్తే చేతికొచ్చేది సుమారు ఒక యూనిట్ కరెంటు. పెట్రోలు కారులోనూ శక్తిలో ఎక్కువ భాగం వేడిగానే పోతుంది. బొగ్గు బదులు ప్యానెల్ పెడితే, ఆ మూడింటి పని ఒకటితో తీరుతుంది. మొత్తం శక్తి లెక్కలో మండి వృథా అయ్యేదాన్ని కూడా "వాడకం" కింద రాసుకుంటే సూర్యుడు ఉన్నదానికన్నా చిన్నగా కనిపిస్తాడు.

అసలు చిక్కు గడియారంతో. గిగావాట్ ప్యానెళ్లు ఏడాది పొడవునా సగటున ఇచ్చేది చోటుని బట్టి అందులో 10 నుంచి 25 శాతమే. మధ్యాహ్నం మాత్రం ఒక్కసారిగా పొంగుతుంది. యూరప్‌లో కొన్ని ఎండ రోజుల్లో కరెంటు టోకు ధర సున్నా కిందికి పోతుంది, అంటే తీసుకున్నవాడికే ఎదురు డబ్బిస్తారు. 2025 జూన్‌లో యూరోపియన్ యూనియన్‌లో తొలిసారి మిగతా అన్ని వనరులనూ దాటి సౌర విద్యుత్తు మొదటి స్థానంలో నిలిచింది, 22 శాతంతో. అయినా పొద్దుగూకగానే ఆ వాటా సున్నాయే. సరిగ్గా అప్పుడే జనం ఇళ్లకు చేరి స్విచ్చులు వేస్తారు. సౌర కరెంటు తీసేయగా మిగిలే గిరాకీని గీత గీస్తే అది మధ్యాహ్నం కుంగి, సాయంత్రం నిటారుగా లేచి బాతు ఆకారంలో ఉంటుందని కాలిఫోర్నియా గ్రిడ్ వాళ్లు 2013లో దానికి బాతు పేరే పెట్టారు.

ఆ బాతు మెడను వంచడానికి అక్కడ ఇప్పుడు బ్యాటరీలు వరుసగా పెడుతున్నారు. సెల్స్‌లాగే బ్యాటరీలూ ఫ్యాక్టరీ సరుకే, 2010 నుంచి వాటి ధరా పదో వంతుకు దిగింది. 2024 ఏప్రిల్‌లో ఒక సాయంత్రం, సూర్యుడు దిగిపోయాక కొద్దిసేపు, కాలిఫోర్నియా గ్రిడ్‌కి అన్నిటికన్నా ఎక్కువ కరెంటు పంపినవి ఆ బ్యాటరీలే. అందులో చాలా భాగం ఆ మధ్యాహ్నం పట్టి దాచిన ఎండే.