పిల్లల జూడో పోటీల గొడవకు మూలం 1950లో ఉంది

జపాన్ జూడోలో చిన్నపిల్లల పోటీల గొడవ చల్లారినట్టే చల్లారి మళ్ళీ రాజుకుంటోంది. ఐదు, ఆరు తరగతుల పిల్లలకు బరువు విభాగాల వారీగా జరిగే జాతీయ చాంపియన్‌షిప్‌ను అఖిల జపాన్ జూడో సమాఖ్య 2022 మార్చిలో రద్దు చేసింది. గెలుపు తప్ప ఇంకేమీ పట్టని ధోరణి పెరిగిపోయిందని కారణం చెప్పింది. పోటీ కోసం పిల్లల చేత బలవంతంగా బరువు తగ్గిస్తున్నారని, ఓడిన పిల్లల మీద కోచ్‌లు, తల్లిదండ్రులు కేకలేస్తున్నారని, రిఫరీలను కూడా వదలడం లేదని వివరించింది. ఒలింపిక్ స్వర్ణ విజేత, అప్పటి సమాఖ్య అధ్యక్షుడు యమషిత యసుహిరో ఆ నిర్ణయాన్ని గట్టిగా సమర్థించారు.

జూడోకు ఆద్యుడైన కానో జిగొరో 1882లో కొదోకాన్ అనే జూడో శిక్షణాలయాన్ని స్థాపించిన కథ అందరికీ తెలిసిందే. ఇప్పటి గొడవ అర్థం కావాలంటే చూడాల్సింది 1950.

యుద్ధంలో ఓడిన జపాన్‌లో 1945 చివర్లో బడుల్లో జూడో, కెండో (కత్తిసాము) వంటి యుద్ధవిద్యలన్నీ నిషేధించారు. యుద్ధకాలంలో వాటిని సైనిక శిక్షణలో భాగం చేశారు కాబట్టి ఆక్రమణ సేనలకు వాటి మీద నమ్మకం లేదు. మరుసటి ఏడు, ఈ విద్యలను ప్రోత్సహించే బుతొకుకాయ్ సంస్థనే రద్దు చేశారు. జూడోను మళ్ళీ బడిలోకి తేవడానికి విద్యాశాఖకు, జూడో పెద్దలకు ఒకటే దారి కనిపించింది: ఇది యుద్ధవిద్య కాదు, అన్ని ఆటల్లాంటి ఆటేనని ఒప్పించడం. 1949లో సమాఖ్య ఏర్పడింది. 1950లో అనుమతి వచ్చింది. జూడో బతికింది, కానీ ఆటగా బతకాలన్న షరతు మీద.

ఆ షరతు వల్ల ఏం పోయిందో తెలియాలంటే కానో ఎలా నేర్పేవారో చూడాలి. ఆయన వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు, టోక్యో ఉన్నత ఉపాధ్యాయ శిక్షణ కళాశాలకు ఇరవై ఏళ్ళకు పైగా ప్రిన్సిపాల్. పద్ధతి ప్రకారం చేసే కతా, స్వేచ్ఛగా పట్టుపట్టే రాందోరి, ఉపన్యాసం, ప్రశ్నోత్తరాలు, ఈ నాలుగూ కలిస్తేనే ఆయన దృష్టిలో జూడో. ఉన్న శక్తిని సద్వినియోగం చేయాలి, తానూ ఎదుటివాడూ కలిసి బాగుపడాలి అన్నవి ఆయన రెండు సూత్రాలు. రెండో సూత్రం ప్రకారం, పట్టుపట్టేవాడికి ప్రత్యర్థి శరీరం కూడా తన బాధ్యతే. ఉపన్యాసాలు, ప్రశ్నోత్తరాలు యుద్ధానికి ముందే పలచబడ్డాయి, నిజమే. కానీ ఆటగా మారాక వాటికి చోటే లేకుండా పోయింది. మార్కులు పడేది గెలుపుకే.

తర్వాత వేగం పెరిగింది. 1956లో ప్రపంచ చాంపియన్‌షిప్, 1964లో టోక్యో ఒలింపిక్స్. అక్కడ బరువు పరిమితి లేని ఓపెన్ విభాగంలో డచ్ వీరుడు ఆంటన్ గేసింక్ చేతిలో జపాన్ వీరుడు కమినాగ అకియో ఓడిపోవడం దేశానికే అవమానంగా తోచింది. అప్పటి నుంచి పతకాల టెన్షన్ కిందికి, బడి క్లబ్బుల దాకా దిగింది.

దాని మూల్యం పిల్లలు చెల్లించారు. 1983 నుంచి ముప్పై ఏళ్ళలోపే బడి జూడోలో వందమందికి పైగా పిల్లలు చనిపోయారని పరిశోధకుడు ఉచిదా ర్యో లెక్క తేల్చారు. చాలావరకు తల గాయాలే, ఎక్కువగా కొత్తగా చేరినవాళ్ళకే. కిందపడటం సరిగ్గా నేర్పకుండానే విసిరేయడం ఎందుకు మొదలవుతుంది? నేర్పడానికి ఓపిక కావాలి, పోటీ తేదీ ఆగదు. ఈ లెక్కలు బయటికొచ్చాక కూడా 2012లో జూనియర్ హైస్కూళ్ళలో బుదో విద్యలను (జూడో, కెండో వంటి జపాన్ యుద్ధవిద్యలను) తప్పనిసరి చేశారు. మరుసటి ఏడు, జాతీయ మహిళా జట్టు క్రీడాకారిణులు 15 మంది కోచింగ్‌లో తాము పడిన దెబ్బల గురించి ఫిర్యాదు చేశారని బయటపడింది. హెడ్ కోచ్ తప్పుకున్నారు.

పోటీలు ఉండాలనేవాళ్ళ వాదన కూడా ఉంది. లక్ష్యం లేకపోతే పిల్లలు వేరే ఆటలకు పోతారని, చేరేవాళ్ళు ఇప్పటికే తగ్గిపోతున్నారని అంటారు. కొదోకాన్‌లో 1884 నుంచే పోటీలు జరిగాయని గుర్తుచేస్తారు. అది నిజం. అయితే కానోకు పోటీ సాధనలో ఒక భాగం మాత్రమే.

చేరేవాళ్ళ సంఖ్య మాటకొస్తే, ఫ్రాన్స్‌లో ఐదు లక్షల మందికి పైగా లైసెన్సుతో జూడో నేర్చుకుంటున్నారు. జపాన్ సమాఖ్యలో నమోదైనవాళ్ళు ఒకటిన్నర లక్ష కూడా లేరు. ఫ్రాన్స్‌లో జూడో నేర్పాలంటే ప్రభుత్వ డిప్లొమా ఉండాలని 1955లోనే చట్టం చేశారు. జపాన్ సమాఖ్య కోచ్‌ల అర్హత విధానం మొదలుపెట్టింది 2013లో.