తుది బిల్లు చివరి మాట కాదు: ఫోను రద్దు చేశాక వచ్చే లెక్కలపై అపోహలు, వాస్తవాలు

అమలాపురంలో పోస్ట్‌పెయిడ్, ఇంటర్నెట్ కనెక్షన్ల బిల్లింగ్ కౌంటర్‌లో చాలా ఏళ్లు కూర్చున్నాను. కొత్త కనెక్షన్ కోసం వచ్చేవాళ్లు నవ్వుతూ వస్తారు. రద్దు చేసుకున్న నెల తర్వాత వచ్చేవాళ్లు మాత్రం బల్ల మీద ఒక కాగితం పరిచి, దాని మీద వేలు పెట్టి, "ఇదేమిటండీ?" అంటారు. ఆ వేలు ఎప్పుడూ అడుగున ఉన్న మొత్తం మీదే ఉంటుంది. నా కళ్లు మాత్రం పైనున్న తేదీల మీదకు పోతాయి. రద్దు కోరిన రోజు, కనెక్షన్ నిజంగా ఆగిన రోజు, బిల్లు తయారైన రోజు. ఈ మూడూ వేర్వేరు రోజులని తెలిస్తే చాలు, సగం గొడవ కౌంటర్ దగ్గరికి రాకుండానే తీరిపోతుంది. తెలియకనే రకరకాల నమ్మకాలు పుట్టాయి. నాకు ఎక్కువగా ఎదురైనవి ఇవి.

అపోహ: సిమ్ తీసి పారేస్తే కనెక్షన్ పోయినట్టే

ప్రీపెయిడ్‌లో రీచార్జి ఆపేస్తే కొంతకాలానికి నంబరు దానంతట అదే పోతుంది. ఆ అలవాటుతో పోస్ట్‌పెయిడ్‌నూ అలాగే చూస్తారు. పోస్ట్‌పెయిడ్‌లో సిమ్ తాళంచెవి లాంటిది. తాళంచెవిని గోదావరిలో విసిరేసినంత మాత్రాన ఇంటి అద్దె ఆగదు కదా. మలికిపురం, రాజోలు వైపు నుంచి గల్ఫ్‌కు వెళ్లేవాళ్ల ఇళ్లలో ఇది తరచూ చూశాను. వీసా చేతికొచ్చిన హడావుడిలో ఫోను ఎవరికీ గుర్తుండదు. కువైట్‌లో దిగాక గుర్తొస్తుంది. ఈలోగా ఇక్కడ ప్లాను నెలవారీ అద్దె పడుతూనే ఉంటుంది. బిల్లు కట్టకపోతే ముందు బయటికి వెళ్లే కాల్స్ ఆగుతాయి, తర్వాత వచ్చే కాల్స్ ఆగుతాయి, ఆ తర్వాతే కనెక్షన్ తెగుతుంది. అప్పటివరకూ అద్దె, దాని మీద పన్ను, ఆలస్య రుసుము కలిసి పేరుకుంటాయి.

రద్దును నోటిమాటగా కాకుండా రాతపూర్వకంగా అడగాలి. యాప్‌లో గానీ, ఈమెయిల్‌లో గానీ, కౌంటర్‌లో గానీ అడిగిన వెంటనే ఒక అభ్యర్థన సంఖ్య తీసుకోవాలి. "చెప్పాం కదండీ, ఆ అబ్బాయి సరే అన్నాడు" అనే మాట నేను వినని వారం లేదు. ఆ అబ్బాయి ఈపాటికి వేరే ఉద్యోగంలో ఉంటాడు. అడిగాక ఏడు రోజుల్లోగా సేవ ముగించాలన్నది టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ పెట్టిన ప్రమాణం. ఆ ఏడు రోజులు ఏ తేదీ నుంచి లెక్కించాలో తేల్చేది మీ చేతిలోని ఆ సంఖ్యే.

నంబరు వదులుకునే ముందు బ్యాంకు, ఆధార్, గ్యాస్ ఖాతాల్లో కొత్త నంబరు ఎక్కించుకోండి. మూతబడిన నంబరును 90 రోజులు ఎవరికీ ఇవ్వరు. ఆ తర్వాత అది ఇంకొకరిది. మీ ఓటీపీలు కూడా వాళ్లకే పోతాయి.

అపోహ: అనుకున్నదానికంటే ఎక్కువ వచ్చిందంటే మోసమే

సఖినేటిపల్లి వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చారు. కొబ్బరి వ్యాపారం, లెక్కల్లో గట్టి మనిషి. చేతిలోని తుది బిల్లు 1,132 రూపాయల 80 పైసలు. "కట్టమంటే కట్టేస్తాను బాబూ, దేనికి కడుతున్నానో చెప్పండి" అన్నారు. అంతకంటే సబబైన ప్రశ్న నేను వినలేదు.

ఆయన ప్లాను నెలకు 600 రూపాయలు. 18 శాతం జీఎస్టీతో 708. బిల్లు నెల 5వ తేదీ నుంచి మరుసటి నెల 4 వరకు. జూన్ 5న వచ్చిన 708 రూపాయల బిల్లుకు గడువు 22. ఆయన రద్దు కోరింది 15న, కనెక్షన్ ఆగింది 17న. గడువు రోజు సాయంత్రం ఒక దుకాణంలో 708 కట్టారు. 24న తుది బిల్లు తయారైంది. ఆ డబ్బు కంపెనీ లెక్కలోకి ఎక్కింది మాత్రం 25న.

ఇప్పుడు ఆ 1,132.80ని విప్పి చూద్దాం. పాత బాకీ 708. జూన్ 5 నుంచి 17 వరకు 13 రోజుల అద్దె, అంటే 600ను 30తో భాగించి 13తో గుణిస్తే 260. ఆలస్య రుసుము 100. అద్దె, రుసుముల మొత్తం 360 మీద పన్ను 64.80. కూడిక ఎక్కడా తప్పలేదు. తప్పంతా డబ్బు కట్టిన రోజుకూ, లెక్కకెక్కిన రోజుకూ ఉన్న తేడాలో ఉంది. ఆయన గడువులోగానే కట్టారు కాబట్టి 708 పోవాలి, 100 పోవాలి, ఆ వంద మీద వేసిన 18 కూడా పోవాలి. మిగిలేది 306.80. ఆయన కట్టిన డిపాజిట్ 1,000 కంపెనీ దగ్గరే ఉంది. అంటే ఈయన కట్టాల్సింది ఏమీ లేదు, కంపెనీయే ఈయనకు 693.20 ఇవ్వాలి.

రుజువు ఏదండీ అని అడిగాను. చొక్కా జేబులోంచి మడత పెట్టిన రసీదు తీశారు. అది వేడికి అచ్చయ్యే రకం కాగితం, చెమటకు వెలిసిపోయి దాదాపు తెల్లబడింది. కిటికీ వైపు వాల్చి పట్టుకుంటే తప్ప తేదీ కనిపించలేదు. ఇంకో వారం ఆగి ఉంటే అదీ కనిపించేది కాదు. అందుకే ఆ రోజు నుంచి అందరికీ ఒకటే చెబుతున్నాను. డబ్బు కట్టిన చోటే, దుకాణం మెట్లు దిగక ముందే, రసీదుకు ఫొటో తీసుకోండి.

ప్రతిసారీ కంపెనీదే తప్పు అనుకోవద్దు. ఇంట్లో పిల్లలకు ఇచ్చిన అదనపు సిమ్‌లు అదే ఖాతా కింద ఉంటాయి. ప్రధాన నంబరు ఒక్కటే రద్దు చేసి, అవి కొనసాగుతున్న సంగతి మరిచిపోతారు. విదేశంలో ఉండగా వాడిన రోమింగ్ ఆలస్యంగా బిల్లులో పడుతుంది. ఎప్పుడో ఒక నొక్కు నొక్కి తెచ్చుకున్న సినిమాల చందా ఉంటుంది. ఇంకో సంగతి, కొన్ని ప్లానుల్లో అద్దె ముందుగా వసూలు చేస్తారు, కొన్నింటిలో వాడాక. ముందుగా కట్టిన అద్దె అయితే వాడని రోజుల డబ్బు తుది బిల్లులో తగ్గి కనిపించాలి. తగ్గలేదంటే అడగండి. ఎవరినైనా మోసగాళ్లనే ముందు వివరమైన బిల్లు తెప్పించుకుని, పెన్సిల్ పట్టుకుని ఒక్కో వరుసా కొట్టుకుంటూ రండి.

అపోహ: వైఫై పెట్టె పాడైపోయింది కదా, ఇక తిరిగి ఇవ్వక్కర్లేదు

పెట్టె మీకు అమ్మారా, వాడుకోవడానికి ఇచ్చారా అన్నది దరఖాస్తులో రాసి ఉంటుంది. వాడుకోవడానికి ఇచ్చినదైతే కాలిపోయినా, తడిసిపోయినా అది వాళ్లదే. 2022 జూలైలో గోదావరి వరద లంక గ్రామాల ఇళ్లలోకి వచ్చాక, బురద పట్టిన పెట్టెలను చాలామంది చెత్తలో పారేశారు. తర్వాత కనెక్షన్ రద్దు చేసుకున్నప్పుడు వాటి ధర బిల్లులో పడింది. వరదలో మునిగిందని చెప్పి బురదతోనే తెచ్చిచ్చినవాళ్లకు మాఫీ చేయించడం నాకు తేలికయ్యేది. ఖాళీ చేతులతో వచ్చినవాళ్ల తరఫున నేను మాట్లాడగలిగింది తక్కువ.

పెట్టె ఇచ్చినప్పుడు దాని వెనకున్న క్రమసంఖ్య రాయించి రసీదు తీసుకోండి. ఒక అమ్మగారు పంటు (రేవు దాటించే పడవ) ఎక్కి వశిష్ఠ గోదావరి దాటి నరసాపురం వెళ్లి పెట్టె ఇచ్చివచ్చారు. రసీదు మాత్రం తీసుకోలేదు. నెల తిరక్కుండా "పరికరం అందలేదు" అని బిల్లు వచ్చింది. మళ్లీ రేవు, మళ్లీ పంటు. ఇచ్చిన పెట్టె అక్కడి బీరువాలో దొరికింది కాబట్టి సరిపోయింది.

అపోహ: డిపాజిట్‌కు నీళ్లు వదులుకోవాల్సిందే

అక్కర్లేదు. 2024 అక్టోబరు నుంచి అమల్లో ఉన్న ట్రాయ్ నాణ్యతా ప్రమాణాల ప్రకారం, సేవ మూసిన తర్వాత 45 రోజుల్లోగా డిపాజిట్ తిరిగి ఇవ్వాలి. అంతకుముందు ఈ గడువు 60 రోజులు. డబ్బు ఎక్కువగా ఆగిపోయేది ఖాతా వివరాల దగ్గరే. కనెక్షన్ తండ్రి పేరున ఉంటుంది, బ్యాంకు ఖాతా కొడుకుది ఇస్తారు. పేర్లు కలవకపోతే డబ్బు ఆగిపోవచ్చు, ఆ సంగతి మీకు ఎవరూ చెప్పరు. కనెక్షన్ ఎవరి పేరున ఉందో వాళ్ల ఖాతాయే ఇవ్వండి.

అపోహ: నంబరును వేరే కంపెనీకి మార్చుకుంటే పాత బాకీ అక్కడితో సరి

నంబరు మారకుండా కంపెనీ మారే సదుపాయం దేశమంతటా 2011 జనవరిలో వచ్చింది, ఈ నమ్మకమూ దాని వెనకే వచ్చింది. గడువు దాటిన బిల్లు బాకీ ఉంటే మార్పు అభ్యర్థనే తిరస్కరిస్తారు. బాకీ లేకుండా మారినా, చివరి కొద్ది రోజుల వాడకానికి పాత కంపెనీ నుంచి ఇంకో బిల్లు వస్తుంది. మారిపోయాం కదా అని దాన్ని పక్కన పడేస్తే, పాత కంపెనీ కొత్త కంపెనీకి రాసి మీ నంబరును ఆపించగలదు. పాత కంపెనీ ఎస్సెమ్మెస్‌లు, ఈమెయిళ్లు ఇంకో రెండు నెలలు చూస్తూ ఉండండి.

అపోహ: కట్టకపోతే పోలీసులు వస్తారు. దీనికి జంట అపోహ: చిన్న మొత్తం, ఎవరు పట్టించుకుంటారు?

మొదటిది వసూలు ఏజెంట్లు పుట్టించిన భయం. ఫోను బిల్లు బాకీ సివిల్ వ్యవహారం. దానికి అరెస్టులు ఉండవు. "రెండు గంటల్లో మీ నంబర్లన్నీ ఆపేస్తాం, తొమ్మిది నొక్కండి" అని ట్రాయ్ పేరుతో వచ్చే కాల్ పచ్చి మోసం. ట్రాయ్ ఎవరికీ అలా ఫోను చేయదు. డబ్బు పోగొట్టుకుంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి.

రెండోది మాత్రం నిజంగా చేటు చేస్తుంది. టెలికాం బాకీలు క్రెడిట్ బ్యూరోల, అంటే ఎవరు అప్పులు ఎలా తీర్చారో నమోదు చేసే సంస్థల, నివేదికల్లోకి ఎక్కుతాయి. భీమవరం వైపు ఒక రొయ్యల రైతు చెరువుల కోసం అప్పుకు వెళితే, ఎప్పుడో వదిలేసిన 306 రూపాయల బాకీ బయటపడింది. వంద ఎకరాల మనిషి, మూడు వందల దగ్గర ఆగిపోయారు. నివేదికలో తప్పు ఉంటే బ్యూరోకు ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో పరిష్కరించకపోతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది.

అపోహ: ట్రాయ్‌కి రాస్తే వాళ్లే తేలుస్తారు, కోర్టుకు మాత్రం వెళ్లలేం

రెండు సగాలూ తప్పే. ట్రాయ్ నియమాలు పెడుతుంది, ఒక్కొక్కరి బిల్లు తగాదాను విచారించదు. 2012 నాటి ఫిర్యాదుల నిబంధనల ప్రకారం ముందు కంపెనీ ఫిర్యాదు కేంద్రానికి చెప్పి డాకెట్ నంబరు, అంటే ఫిర్యాదు నమోదు సంఖ్య, తీసుకోవాలి. జవాబు నచ్చకపోయినా, గడువులో రాకపోయినా 30 రోజుల్లోగా అదే కంపెనీ అప్పీలు అధికారికి రాయవచ్చు. దానికి రుసుము లేదు. 39 రోజుల్లో తేల్చాలి. కాల్ సెంటర్‌కు ఇరవైసార్లు ఫోను చేసి అలిసిపోయినవాళ్లలో ఈ రెండో మెట్టు సంగతి తెలిసినవాళ్లు చాలా తక్కువ. నా అనుభవంలో పని జరిగేది అక్కడే. అప్పీలులో కథంతా రాయకండి. తేదీలు, అంకెలు, రసీదు ఫొటో, మీరు కోరేది ఏమిటో ఒక్క వాక్యం. పెద్దాయన తరఫున రాసిన అప్పీలు ఒక పేజీలో సగం కూడా లేదు.

1885 నాటి టెలిగ్రాఫ్ చట్టాన్ని, 2009లో వచ్చిన ఒక సుప్రీంకోర్టు తీర్పును చూపించి, వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే దారి లేదని కంపెనీలు చాలాకాలం వాదించాయి. వెళ్లవచ్చని సుప్రీంకోర్టే 2022 ఫిబ్రవరిలో స్పష్టం చేసింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు. గడువు రెండేళ్లు. చెల్లించిన విలువ 5 లక్షల లోపు ఉంటే రుసుము లేదు. మూడు వందల కోసం కమిషన్ మెట్లెక్కమని నేను సాధారణంగా చెప్పను. ముందు 1915 నంబరుకు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు, చెప్పి చూడండి.

అపోహ: కట్టేశాక ఇక కాగితాలతో పనేముంది?

"బాకీ ఏమీ లేదు" అని కంపెనీ చేత రాయించుకోండి. ఈమెయిల్ అయినా చాలు. ఆటోమేటిక్ చెల్లింపు పెట్టి ఉంటే బ్యాంకులో గానీ, యూపీఐ యాప్‌లో గానీ దాన్ని మీరే విడిగా ఆపాలి. కనెక్షన్ రద్దయితే అదీ రద్దవుతుందనుకోకండి.

పెద్దాయన డబ్బు నలభయ్యో రోజున ఆయన ఖాతాలో పడింది. కౌంటర్‌కు ఫోను చేసి చెప్పారు. "693 వచ్చింది బాబూ. ఆ ఇరవై పైసల సంగతేమిటి?" అన్నారు. నవ్వుతున్నారో, నిజంగానే అడుగుతున్నారో నాకు అర్థం కాలేదు. బిల్లును దగ్గరి రూపాయికి సవరిస్తారండీ అని చెప్పాను. "అయితే అది కూడా రాసివ్వమనండి" అన్నారు.