గీజర్‌లో గార

ఒంగోలులో అద్దెకు ఇల్లు చూడబోతే గదులకంటే ముందు నీళ్ల గురించే అడుగుతాం. "కుళాయి ఉందండీ, వాడకానికి బోరు. కాస్త ఉప్పు, అంతే" అంటారు ఇంటివాళ్లు. ఆ 'కాస్త' ఎంతో తేలాలంటే బాత్‌రూమ్‌లో షవర్ రంధ్రాలు చూడాలి. సగం తెల్లగా పూడిపోయి ఉంటే బేరం అక్కడే మొదలుపెట్టొచ్చు.

మనం ఉప్పునీళ్లనే వాటిలో తరచూ రెండు వేరు సమస్యలు ఉంటాయి. నాలుకకు తెలిసేది ఎక్కువగా వంటింటి ఉప్పే, సోడియం క్లోరైడ్. సబ్బు నురగ రానివ్వనిది, షవర్‌ను పూడ్చేది మాత్రం కఠినత్వం. అది కాల్షియం, మెగ్నీషియం లవణాల పని. కొత్తపట్నం వైపు తీరానికి దగ్గరగా సముద్రపు నీరు చొరబడిన బోరులో రెండూ కలిసే వస్తాయి. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 1,300 మిల్లీగ్రాముల మెగ్నీషియం, 400 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటాయి మరి.

వాననీటికి కఠినత్వం దాదాపు లేదు. నేలలో ఇంకేటప్పుడు మట్టిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని కొద్దిగా ఆమ్లమవుతుంది. ఆ తర్వాత రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచి లవణాలను కరిగించుకుంటుంది. వాన తక్కువ, ఎండ ఎక్కువ ఉన్న మన వైపు ఆ లవణాలను కడిగి పంపేంత నీరు నేలలోకి దిగదు. బోరు ఇంకా లోతుకు దించితే తియ్యటి నీళ్లు పడతాయన్న ఆశ చాలాసార్లు అందుకే తలకిందులవుతుంది. సాగర్ కుడి కాలువ నుంచి సమ్మర్ స్టోరేజ్ ట్యాంకులకు చేరి, అక్కడి నుంచి కుళాయికి వచ్చే నీళ్లకు రాతితో అంత సావాసం ఉండదు.

తాగునీటిలో కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదనీ, వేరే దిక్కు లేకపోతే 600 వరకు సరిపెట్టుకోవచ్చనీ భారత ప్రమాణాలు చెబుతున్నాయి. 500 ఉన్న నీళ్లు రోజుకు 100 లీటర్లు కాచుకున్నారనుకోండి. నెలకు కిలోన్నర సుద్దకు సమానమైన లవణం ఆ గీజర్ గుండా పోతుంది. అదంతా లోపల దిగదు గానీ, కొంత దిగినా చాలు.

దిగడానికి కారణం వేడి. చల్లటి నీళ్లలో కాల్షియం బైకార్బొనేట్‌ రూపంలో కంటికి కనపడకుండా కరిగి ఉంటుంది. కాగితే కార్బన్ డయాక్సైడ్ లేచిపోయి కాల్షియం కార్బొనేట్, అంటే సుద్ద, మిగులుతుంది. చక్కెర వేడినీళ్లలో ఎక్కువ కరుగుతుంది. ఈ సుద్దది తిరకాసు యవ్వారం, వేడి పెరిగేకొద్దీ తక్కువ కరుగుతుంది. అందుకని నీళ్లు అన్నిటికంటే ఎక్కువ కాగే చోట, కాయిల్ మీదే, పొరలు కడుతుంది. గార అంటే అదే. దీనివల్ల కరెంటు బిల్లు విపరీతంగా పెరుగుతుందని భయపెడతారు గానీ, మునిగి ఉన్న కాయిల్ వేడి చివరికి నీళ్లకే చేరుతుంది. అసలు దెబ్బ కాయిల్‌కే. గార వేడిని సులువుగా పోనివ్వదు కాబట్టి లోపల కాగిపోయి మాడిపోతుంది. కుళాయి మూతుల మీద గారైతే నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లకు బుసబుసమని కరుగుతుంది. టాయిలెట్ యాసిడ్ జోలికి పోకండి. అది బ్లీచింగ్ పౌడర్‌తో కలిస్తే క్లోరిన్ విషవాయువు పుడుతుంది.

కాస్తే పోయేది బైకార్బొనేట్ వాటా మాత్రమే. సల్ఫేట్లు, క్లోరైడ్ల రూపంలో ఉన్న కాల్షియం అలాగే ఉండిపోతుంది. బోరు నీళ్లలో కందిపప్పు ఎంతకీ ఉడకకపోవడానికీ కాల్షియమే కారణం. గింజ కణాల మధ్య ఉన్న పెక్టిన్‌ను పట్టుకుని గట్టిపరుస్తుంది. మన ఇళ్లలో పప్పుకు విడిగా మంచినీళ్లు పోయడంలో కెమిస్ట్రీ అంతా ఉంది.

కఠినత్వం తగ్గించడానికి పటిక, చిల్లగింజ పనికి రావు. అవి బురదను దించుతాయి, కరిగిన లవణాన్ని కాదు. సున్నం మాత్రం పనిచేస్తుంది, వింతగా ఉన్నా. థామస్ క్లార్క్ అనే స్కాట్లండ్ రసాయన శాస్త్రవేత్త 1841లో దీనికి పేటెంట్ తీసుకున్నాడు. సరైన మోతాదులో సున్నం కలిపితే బైకార్బొనేట్ సుద్దగా మారి అడుక్కి చేరుతుంది. మోతాదు మించితే కొత్త కఠినత్వం మనమే తెచ్చిపెట్టుకున్నట్టు, కాబట్టి ఇంట్లో ప్రయత్నించే పని కాదు.

అపార్ట్‌మెంట్లలో పెట్టే సాఫ్ట్‌నర్ కాల్షియం, మెగ్నీషియాలను తీసుకుని సోడియం ఇస్తుంది. లవణాల మొత్తం పెద్దగా మారదు. నీళ్లలో కరిగిన లవణాల మొత్తాన్ని చూపే టీడీఎస్ మీటర్ ముంచి చూసి, అంకె తగ్గలేదని మోసపోయామనుకునేవాళ్లున్నారు. ఆ మీటర్ కొలిచేది కఠినత్వం కాదు. సబ్బు నురగ చూసి తేల్చుకోవాలి.

ఈ నీళ్ల వల్ల జుట్టు గరుకెక్కుతుంది, నిజమే. బట్టతల మాత్రం దీని ఖాతాలో వేయలేం. నన్నడిగితే గార కన్నా భయపడాల్సింది ఫ్లోరైడ్‌కు. కాల్షియం ఎక్కువున్న నీటిలో ఫ్లోరైడ్ దానితో కలిసి అడుక్కి చేరే వీలుంది. కాల్షియం తక్కువున్న నీటిలో ఆ అడ్డు ఉండదు. కాబట్టి కనిగిరి వైపు బోరు నీళ్లు నోటికి కమ్మగా, సబ్బుకు నురగగా ఉన్నా సరే, గ్రామీణ నీటి సరఫరా ల్యాబ్‌లో పరీక్ష చేయించాలి. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిందని వస్తే ఆ బోరు తాగడానికి వాడొద్దు, బట్టలకు వాడుకోవచ్చు.