ఫోర్ట్‌నైట్ అంటే ఎన్ని రోజులు? ఒక అనువాదకుడి అపోహలు - వాస్తవాలు

ఇంగ్లిష్ కాగితాలను తెలుగు చేయడం నా పని. అద్దె ఒప్పందాలు, జీతం లెటర్లు, నోటీసులు. కష్టమైన పదం వస్తే ఎవరైనా డిక్షనరీ తీస్తారు. ‘ఇది మనకు తెలిసిందేగా’ అనుకున్న చోటే కొంప మునుగుతుంది. నన్ను ముంచిన మాట ఫోర్ట్‌నైట్.

అపోహ: ఫోర్ట్‌నైట్ అంటే పదిహేను రోజులు.

వాస్తవం: పద్నాలుగు. పాత ఇంగ్లిష్‌లో ‘పద్నాలుగు రాత్రులు’ అనే మాట అరిగి అరిగి ఇలా మిగిలింది. ఏడు రాత్రులకు ‘సెనైట్’ అని కూడా ఉండేది, అది వాడుకలోంచి పోయింది. ఇంగ్లిష్‌వాళ్ల పూర్వీకులైన జర్మానిక్ తెగలవాళ్లు పగళ్లను కాక రాత్రులను లెక్కపెడతారని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ ఏనాడో రాశాడు. మనం ‘పదిహేను రోజుల్లో వస్తా’ అనేదీ చాలాసార్లు రెండు వారాలనే. ఈ సోమవారాన్నీ, ఆ సోమవారాన్నీ కలిపేసుకుంటాం, అంతే. మాటల్లో దానితో ఇబ్బంది లేదు.

అపోహ: ఫోర్ట్‌నైట్లీ అంటే నెలకు రెండుసార్లు.

నేనూ అలాగే అనుకున్నాను. మెల్‌బోర్న్‌లో చదువుకునే ఒక అబ్బాయి అద్దె ఒప్పందాన్ని వాళ్ల నాన్నగారి కోసం తెలుగు చేస్తూ ‘నెలకు రెండుసార్లు 900 డాలర్లు’ అని రాసేశాను. ఆయన నెలకు 1,800 చొప్పున పంపారు. మూడు నెలలు తిరిగేసరికి అబ్బాయికి డబ్బు చాలలేదు. ‘‘మీరు రాసిందే కదండీ నేను పంపింది?’’ అని ఆయన ఫోన్. ఏం చెప్పను! ఏడాదికి 52 వారాలు కాబట్టి కట్టాల్సింది 26 సార్లు, 24 కాదు. నెలకు సగటున 1,950 పడుతుంది. అప్పటినుంచి ‘రెండు వారాలకోసారి’ అనే రాస్తున్నాను.

అపోహ: పక్షం అని రాస్తే సరిపోతుంది.

పత్రికకైతే సరిపోతుంది. డబ్బు లెక్కకు వద్దు. పక్షమంటే పదిహేను తిథులు. తిథి సగటున రోజు కంటే కాస్త చిన్నది కాబట్టి పక్షం సుమారుగా పద్నాలుగు రోజుల ముప్పావు. అద్దె పౌర్ణమికి కడతామా?

అలాగని పద్నాలుగేనని పట్టుబట్టినా తప్పే. రిజర్వ్ బ్యాంక్ చట్టంలో ఫోర్ట్‌నైట్ అంటే శనివారం మొదలుకొని రెండో శుక్రవారం దాకా ఉండేది. 2025 సవరణ దాన్ని 1 నుంచి 15, 16 నుంచి నెలాఖరు అని మార్చింది. అంటే మామూలు ఫిబ్రవరిలో రెండో ఫోర్ట్‌నైట్ 13 రోజులు, జులైలో 16! చట్టం తెలుగు చేసేటప్పుడు మొదట నిర్వచనాల సెక్షన్ చూడాలి.

అపోహ: ఫోర్ట్‌నైట్లీ అన్నా బైవీక్లీ అన్నా ఒకటే.

అమెరికా జీతం లెటర్లో ఒకటే. అక్కడ ఫోర్ట్‌నైట్ వాడకం తక్కువ, రెండు వారాలకోసారి వచ్చే జీతాన్ని బైవీక్లీ అంటారు. మన రైల్వేలో బైవీక్లీ ఎక్స్‌ప్రెస్ మాత్రం వారానికి రెండుసార్లు నడిచే బండి. అందుకే ఎవరైనా ఫోన్ చేసి బైవీక్లీకి తెలుగేంటని అడిగితే, ‘‘రైలా, జీతమా?’’ అని ముందు నేనే అడుగుతాను.