పిన్ని మాత్ర, పిన్ని కాఫీ

కావలిలో మా పిన్ని తెల్లారి లేవగానే థైరాయిడ్ మాత్ర వేసుకుని, ఆ వెంటనే ఫిల్టర్ కాఫీ తాగేది. రెండు నెలలైనా నీరసం తగ్గలేదు. పోపు మాడుతున్నా పీట మీంచి లేవబుద్ధి కాదు, ఎవరైనా ఇంటికొస్తే చిరాకు. "ఈ మందు నాకు పనిచేయదు లేరా" అంది. కాఫీ పడితే ఆ మాత్ర పేగుల్లోంచి రక్తంలోకి సరిగా ఎక్కదు. ఉత్త నీళ్లతో వేసుకుని అరగంట నుంచి గంట ఆగాలి. ఐరన్, కాల్షియం మాత్రలకైతే నాలుగు గంటల ఎడం.

మాత్రలో ఉండేది లీవోథైరాక్సిన్, అంటే మన థైరాయిడ్ గ్రంథి తయారుచేసే టీ4 హార్మోనే. అందులోని నాలుగు అయోడిన్ పరమాణువుల్లో ఒకదాన్ని ఒళ్లు తీసేసి టీ3 చేసుకుంటుంది. కణాల్లో అసలు పని దానిది. టీ4 నిదానం మనిషి. ఒంట్లో చేరినదాంట్లో సగం తరగడానికే దాదాపు వారం. ఒక పూట మరిచిపోతే కొంపలు మునగవు. మోతాదు మార్చాక టీఎస్‌హెచ్ (థైరాయిడ్ మందగిస్తే రక్తంలో పెరిగే హార్మోన్) మళ్లీ చూడ్డానికి 6 నుంచి 8 వారాలు ఆగమనేదీ అందుకే.

1891లో ఇంగ్లండు డాక్టర్ జార్జ్ మర్రే, నీరసించి, కొత్తవాళ్ల ముఖం చూడ్డానికే ఇష్టపడని ఒకావిడకు గొర్రె థైరాయిడ్ రసం ఇంజెక్షన్ ఇచ్చాడు. ఆవిడ తేరుకుని, ఇంకో 28 ఏళ్లు బతికింది. ఆవిడ గ్రంథి నిజంగానే చతికిలబడింది మరి.

పిన్ని సీసా చూసి ఎదురింటి పెద్దావిడ తనకూ నీరసమేనని, అదే మాత్ర కావాలంది. పిన్ని టీఎస్‌హెచ్ మొదట్లో 40 దాటింది, ఈవిడది 6. ఇలా కాస్తే పెరిగిన 737 మంది 65 ఏళ్లు దాటినవారి మీద యూరప్‌లో చేసిన పరీక్ష ఫలితం 2017లో వచ్చింది. ఏడాది తర్వాత చూస్తే, అసలు మాత్రకీ ఉత్తుత్తి మాత్రకీ నీరసంలో తేడా లేదు. పైగా మోతాదు ఎక్కువైతే గుండె దడ, ఎముకల అరుగుదల. పెద్దావిడ హిమోగ్లోబిన్ చూపించుకుంటే 8 ఉంది, అంటే రక్తం తక్కువ!

డిప్రెషన్‌కు మందులు పనిచేయనప్పుడు సైకియాట్రిస్టులు అప్పుడప్పుడు టీ3 జోడిస్తారు. 2006లో అమెరికాలో అలా ఇస్తే దాదాపు నలుగురిలో ఒకరికి నయమైంది. పోల్చడానికి ఉత్తుత్తి మాత్ర గుంపు లేదు కాబట్టి, నేనైతే దాని మీద మరీ ఆశ పెట్టుకోను.

పిన్ని ఇప్పుడు మాత్ర వేసుకుని వాకిలి చిమ్మి, కళ్లాపి చల్లి, ముగ్గు పెడుతుంది. అప్పటికి అరగంట దాటుతుంది.