నోటుపుస్తకంలో నాలుగు మాటలు

చిన్నాకీ, బుజ్జికీ అమ్మమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో "పాలు తోడు పెట్టి వస్తా, ఉండండర్రా" అంటే, "తోడు పెట్టడం అంటే ఏంటి అమ్మమ్మా?" అని బుజ్జి అడిగింది. వెంటనే చిన్నా నోటుపుస్తకం తీసి, నా నోట విన్నవే ఇంకో మూడు మాటలు చదివాడు. నాకెంత సంతోషమైందో! ఫోన్‌లో హడావిడిగా చెప్పబుద్ధి కాలేదు, అందుకే ఈ ఉత్తరం.

కాచిన పాలు చల్లారనిచ్చి వేలు ముంచి చూస్తాను. గోరువెచ్చగా తగలగానే నిన్నటి పెరుగు ఒక చెంచాడు వేసి కలిపేస్తాను. ఆ చెంచాడు పెరుగే తోడు. చేమిరి అని కూడా అంటారు. అందులో కంటికి కనపడని బ్యాక్టీరియా కోట్లలో ఉంటుంది. పాలలో లాక్టోజ్ అనే చక్కెర ఉంటుందిగా, దాన్ని తిని లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది. ఆ పులుపు తగిలేసరికి పాలలోని కేసిన్ అనే ప్రోటీన్ వలలా అల్లుకుని, నీళ్లను తనలోనే పట్టి ఉంచుతుంది. అదే గడ్డపెరుగు. పాలు మరీ వేడిగా ఉంటే బ్యాక్టీరియా చచ్చిపోతుంది, చల్లగా ఉంటే మెల్లగా పనిచేస్తుంది. చలికాలంలో నేను గిన్నెను బియ్యం డబ్బాలో పెట్టేది ఆ వెచ్చదనం పోకూడదనే.

మా చిన్నప్పుడు సాయంత్రమయ్యేసరికి పక్కింటి పిల్ల చిన్న గిన్నె పట్టుకొచ్చి, "అత్తయ్యా, అమ్మ కాస్త తోడు ఇమ్మంది" అని గుమ్మంలో నిలబడేది. మాకు లేనిరోజు నేను వాళ్లింటికి వెళ్లేదాన్ని. "బడిదాకా తోడు రావే" అంటామే, ఆ తోడూ ఈ తోడూ ఒకే మాట.

గడియ అంటే 24 నిమిషాలు. రోజుకు 60 గడియలు. తలుపుకి వేసే గడియ వేరు. పూర్వం అడుగున సన్నటి చిల్లు ఉన్న రాగి గిన్నెను నీళ్లమీద వదిలేవారు. చిల్లులోంచి నీరు ఊరి ఊరి, గిన్నె బుడుంగున మునిగితే ఒక గడియ అయినట్టు. గడియారం అనే మాటలో ఆ గడియ ఇంకా ఉంది, చూడండి.

ఇక కార్తె. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుంటే, సూర్యుడి వెనకాల ఉండే నక్షత్రాలు మనకు మారుతూ వస్తాయి. అవి 27. చిన్నా, 365ను 27తో భాగించు. పదమూడున్నర వచ్చిందా? సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే ఆ పదమూడు, పద్నాలుగు రోజులే ఒక కార్తె. మే చివర్లో రోహిణి కార్తె, ఎండకి రోళ్లు పగులుతాయంటారు. జూన్ 7, 8 తేదీల్లో మృగశిర వస్తుంది, రైతు ఆకాశం వైపు చూస్తాడు. సూర్యుణ్ణి బట్టి లెక్క కాబట్టి కార్తెలు ఏటా ఇంచుమించు అవే తేదీలకు వస్తాయి.

మన నెలలు మాత్రం చంద్రుడివి. పన్నెండు కలిపితే 354 రోజులే. ఏటా పదకొండు రోజుల తరుగు. దాన్ని అలాగే వదిలేస్తే ఉగాది జరిగి జరిగి నడివానల్లోకి పోతుంది. అందుకని సుమారు ముప్ఫై రెండు, మూడు నెలలకోసారి ఒక నెల అదనంగా కలుపుతారు. అదే అధికమాసం. 2023లో శ్రావణం రెండుసార్లు వచ్చింది, అందుకే. ఆ నెలలో పెళ్లిళ్లు పెట్టుకోరు గానీ, నాకు మాత్రం ఆ లెక్క వేసినవాళ్లకు దండం పెట్టాలనిపిస్తుంది.

ఈ శనివారం రాత్రి మీరే పాలు తోడు పెట్టండి. వేలితో చూసుకోవడం మర్చిపోకండి. ఎన్ని గంటలకు తోడుకుందో నోటుపుస్తకంలో రాసి నాకు చెప్పండి.

మీ అమ్మమ్మ